మేస్త్రిగారి జవాబు

నెల తిరక్కుండానే నూకరత్నం చేపల లారీ మళ్లీ మొరాయించింది.

"తాళం తిప్పితే పంపు చప్పుడే లేదు సుకుమారూ. కొత్త డబ్బా వేశానన్నావు, దానికప్పుడే ఏం రోగమొచ్చింది?" అంది ఆవిడ కేబిన్‌లోంచి దిగుతూ. భర్త పోయాక స్టీరింగు తనే పట్టుకున్న మనిషి.

వెనక నరసాపురం చేపలు, వాటి మీద ఐసు. ఛాసీ పొడుగునా ఉప్పునీళ్లు కారుతున్నాయి.

సుకుమార్‌కి మొహం చెల్లలేదు. సిద్ధాంతం ఊరి దగ్గర హైవే పక్కనే అతని షెడ్డు. లారీలో డీజిల్ పంపుని నడిపించే కంట్రోల్ మాడ్యూల్‌ని అందరూ డబ్బా అంటారు. ఆ డబ్బాల పనిలో అతనికి మంచి పేరు. అలాంటిది ఈ నెలలో అతను మార్చిన డబ్బా పోవడం ఇది మూడోసారి. మూడూ చేపల లారీలే.

నిజం చెప్పాలంటే ఆ పేరు అతనిది కాదు, రాజరత్నం మేస్త్రిగారిది.

సుకుమార్ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఉండేది జంగారెడ్డిగూడెం. మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో పరిచయం.

"నాకు రాయడం రాదు నాయనా, చెబుతాను విను" అంటూ మూడేళ్లపాటు ఏ సందేహం అడిగినా వాయిస్ మెసేజి పంపేవారు. ఒకసారి వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టి రావాలని సుకుమార్ ఎన్నిసార్లో అనుకున్నాడు. షెడ్డు వదిలితే కదా!

నాలుగు నెలలుగా ఆ గొంతు లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. చేపల లారీల గోల అంతా చెప్పి, మొన్న ప్రాధేయపడుతూ వాయిస్ మెసేజి పెట్టాడు. విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

షెడ్డు ముందు ఓ ముసలాయన వచ్చి నిలబడ్డాడు. మెడకి తువ్వాలు, చేతిలో గుడ్డ సంచి. సుకుమార్‌ని చూసి నవ్వాడు.

"ఏం కావాలండీ?"

ముసలాయన గొంతు తాకి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మాట రాదు కాబోలు, పాపం" అంది నూకరత్నం.

మాట రానివాళ్లకి చెవులూ వినపడవని మనవాళ్లకో నమ్మకం. సుకుమార్ కూడా మనవాడే. మంచినీళ్ల కుండ వైపు సైగ చేసి, లారీ కిందికి దూరాడు.

డబ్బాకి కరెంటు వస్తోంది. ఛాసీకి బిగించిన ఎర్త్ వైరుకి మీటరు పెడితే కుయ్యిమంది. అంటే అదీ బాగానే ఉంది. ఇక పోయింది డబ్బాయే.

దిగులుగా ఫోన్ తీసి పాత మెసేజి ఒకటి పెట్టుకున్నాడు.

"తొందరపడకు నాయనా. ముందు కరెంటు చూడు, తర్వాత ఎర్త్ చూడు. ఆ తర్వాతే డబ్బా మీద చెయ్యి వెయ్యి."

లారీ పక్కన ముసలాయన చెప్పులు కదలకుండా ఆగిపోయాయి.

"ఎవరిదా గొంతు?" అంది నూకరత్నం.

"మా మేస్త్రిగారిదండి."

"ఆయన్నే అడగరాదూ?"

"అడిగానండి. విని ఊరుకున్నారు. నాలాంటివాళ్లు ఆయనకి వందమంది. విసుగెత్తి వదిలేసుంటారు." సుకుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "కనీసం తిట్టినా బాగుండునండీ, ఆ గొంతు వినపడేది."

బయటికొచ్చేసరికి ముసలాయన చెయ్యి చాచి ఛాసీ వైపు చూపిస్తున్నాడు.

"బండి ముట్టుకోకండి! అదిగో, బస్సు అక్కడ ఆగుతుంది. వెళ్లండి" అని రోడ్డు వైపు చెయ్యి చూపించి, కొత్త డబ్బా కోసం పెనుగొండ వెళ్లాడు సుకుమార్.

గంటలో తిరిగొచ్చేసరికి లారీ ఇంజను ఆడుతోంది!

"నువ్వటు వెళ్లగానే ఆయన కిందికి దూరాడయ్యా" అంది నూకరత్నం. "ఏదో విప్పాడు, గరుకు కాగితంతో గీకాడు, బిగించాడు. నన్ను తాళం తిప్పమని సైగ చేశాడు. పంపు ఝుమ్మంది."

సుకుమార్ వంగి చూశాడు. పాత డబ్బా పాతచోటే ఉంది. ఎర్త్ వైరు మాత్రం చేపల నీళ్లు కారేచోటి నుంచి పైకి, పొడిగా ఉన్నచోటికి మారింది. బోల్టు కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది. పైన గ్రీజు పూసి ఉంది.

తుప్పు పట్టిన ఎర్త్ మీటరుని కుయ్యిమనిపించగలదు గానీ, పంపు తిరిగేటప్పుడు ఆ కరెంటు బరువు మొయ్యలేదు. డబ్బా మార్చినప్పుడల్లా వైరు కాస్త కదిలి నాలుగు రోజులు పనిచేసేది. బాగున్న డబ్బాలనే తీసి పారేశానని అతనికి అప్పటికి అర్థమైంది.

"ఆయనేరండీ?"

"నువ్వే బస్సు చూపించావు కదా. ఆగమన్నా ఆగలేదు, ఎక్కి వెళ్లిపోయాడు."

అంతలో ఫోన్ మోగింది. రాజరత్నం మేస్త్రిగారు!

సుకుమార్ గబుక్కున ఎత్తాడు. "మేస్త్రిగారూ!" అన్నాడు, దాదాపు ఏడుస్తూ.

అవతల ఆడగొంతు.

"నేను వాళ్ల అమ్మాయి ఆశాజ్యోతినండి. నాన్నగారు ఫోన్ ఇంట్లోనే మర్చిపోయారు. మీ షెడ్డుకి చేరారా అండి? మీ మెసేజి విన్న దగ్గర్నుంచీ కాలు నిలవలేదు, పొద్దున్నే బస్సెక్కేశారు."

సుకుమార్ బస్సు వెళ్లిన రోడ్డు వైపు చూశాడు.

"నాలుగు నెలల కిందట గొంతు ఆపరేషనైందండి, ఎవరికీ చెప్పనివ్వలేదు. మాట పోయింది గానీ చెవులు బాగానే వినపడతాయండీ, కాసేపు ఏదైనా మాట్లాడి పంపించండి, మీ గొంతంటే ఆయనకి ప్రాణం."