కాకుల సొంత చెట్టు

కొంగల్ని తరిమెయ్యాలని పొద్దస్తమానం అరుస్తున్న కాకుల్ని మద్దిచెట్టు మీది పక్షులన్నీ కలిసి వెళ్లగొట్టాయి.

"మన నోరు నొక్కుతారా? సొంత చెట్టు చూసుకుందాం. అక్కడ ఎవరు ఏమైనా అనొచ్చు!" అంది పెద్దకాకి.

తుమ్మచెట్టు మీద చేరి మూడు రోజులు కొంగల్ని కసితీరా తిట్టుకున్నాయి. వినడానికి ఒక్క కొంగా లేకపోయేసరికి విసుగొచ్చింది.

నాలుగోరోజు పెద్దకాకి పక్క కాకిని ఎగాదిగా చూసింది.

"నీ మెడ నల్లగా లేదేం? కొంగల తాలూకావా?"

ఆ కాకులన్నిటి మెడా బూడిదరంగే. ఎవరి మెడ వాళ్లకి కనబడదు, అంతే. ఒకదాన్నొకటి పొడిచి తరుముకోగా, సాయంత్రానికి పెద్దకాకి ఒక్కటే మిగిలింది.

దాహమేసి గుంటలోకి వంగింది. నీళ్లలో బూడిదరంగు మెడ కనబడింది.

"రండి, రండి! కొంగ ఇక్కడ దాక్కుంది!" అని అరిచింది.

ఎవరూ రాకపోయేసరికి, తానే నీళ్లను పొడవడం మొదలుపెట్టింది.