వెనక్కి చూడకు

ఇంకా తెల్లారలేదు. వీధిలో కుక్కలు కూడా లేవలేదు. బేకరీకి అందరికంటే ముందు వెళ్లి పొయ్యి వెలిగించాల్సింది నేనే. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి రోజు. ఇవాళ కూడా నాగా పెడితే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు యజమాని. అందుకే ఈ ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాం. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, మిగతాది మోటారే చూసుకుంటుంది.

బయల్దేరేటప్పుడు లైటు వెలగలేదు. వైరు ఊడిందేమో అనుకున్నాను. వంతెన ఎత్తు మొదలైంది. బండి బాగానే ఎక్కుతోంది గానీ, మోటారు రొద లేదు.

చెవిలో ఇయర్‌ఫోన్ మోగింది. మా ఆయన.

"మతిమరుపు మహాతల్లీ! బ్యాటరీ ఇక్కడే ఛార్జింగులో ఉంది. ఎలా వెళ్తున్నావే?"

కిందికి చూశాను. బ్యాటరీ పెట్టేచోటు ఖాళీ. తొక్కడం ఆపేశాను.

సైకిల్ ఆగలేదు.

సీటు వెనక ఎవరో రొప్పుతూ పరిగెత్తుతున్నారు. టపటపా చెప్పుల చప్పుడు.

వెనక్కి తిరగబోయి ఆగిపోయాను. చిన్నప్పుడు సైకిల్ నేర్పుతూ నాన్న ఇలాగే సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. "వెనక్కి చూశావో, పడతావ్. నేను పట్టుకునే ఉన్నాగా!" అనేవాడు. అప్పటికే వదిలేసి ఉండేవాడు, దొంగ. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

"పలకవేం?" అన్నాడు మా ఆయన.

"ఎక్కేశాను" అన్నాను.

వంతెన దిగువన బేకరీ కనిపించింది. తూర్పు తెల్లబడుతోంది. ఉన్నట్టుండి సీటు తేలికైంది. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

ఈసారీ చెప్పకుండానే వదిలేశాడు.