పరుపుల కొట్టులో పగటి నిద్ర

“పడుకోవడానికి కూడా బతిమాలించుకుంటావేంట్రా?” అన్నాడు అన్న.

కొట్టు ముందు పెద్ద గాజు అద్దం. దాని వెనక మంచం, మంచం మీద ఆరంగుళాల దూది పరుపు. పది నుంచి ఐదు దాకా దాని మీద ఒక మనిషి హాయిగా నిద్రపోతున్నట్టు పడుకోవాలి. రోడ్డున పోయేవాళ్లు అది చూసి లోపలికి రావాలి. అన్న కనిపెట్టిన ఘనమైన వ్యాపార రహస్యం ఇదే. ఆ పని చేసే మనిషి నిన్న మానేశాడు. ఇంట్లో ఒకడు ఉండగా బయటివాడెందుకు అనుకున్నాడు అన్న. అతని తెలివి ఎప్పుడూ అంతదూరమే వెళ్తుంది.

“ఇంకే పనైనా చెప్పన్నయ్యా. రోజూలాగే పరుపులు కుడతాను, మోస్తాను. నిద్ర మాత్రం నావల్ల కాదు,” అన్నాడు తమ్ముడు.

తమ్ముడికి చెవుల్లో గొంతులు వినిపిస్తాయి. మెలకువగా ఉన్నంతసేపూ వాటిని పూచికపుల్లకింద తీసిపారేస్తాడు. “రోజూ అవే నాలుగు తిట్లు. ఐదోది నేర్చుకోవడానికి కూడా బద్ధకం వాటికి,” అంటాడు. నిద్రలో మాత్రం ఆ గొంతులకు ముఖాలొస్తాయి. గుంపుగా మంచం చుట్టూ చేరి, నవ్వుతూ మీదపడతాయి. అందుకే ముఖాన నీళ్లు కొట్టుకుంటూ కుర్చీలోనే తెల్లవారుస్తాడు.

“కలలకి జడిసే మగాణ్ణి నిన్నే చూశాను. పడుకుంటావా, మళ్లీ ఆ ఆస్పత్రిలో పడేసి రానా?”

తమ్ముడు చెప్పులు విడిచి మంచమెక్కాడు. ఆస్పత్రి పేరెత్తితే అతను ఏ పనైనా చేస్తాడు. అన్నకి ఆ సంగతి బాగా తెలుసు.

ఆఫీసుకి బయల్దేరిన వదిన కొట్టు గుమ్మంలో ఆగింది. “ఏవండీ, నిద్రలేవగానే ‘ఇది కలా, నిజమా’ అని అడుగుతాడు. ఉన్నదున్నట్టు చెప్పండి. మనం ఏం చెబితే అదే నమ్ముతాడు.”

“ముప్పై ఏళ్లొచ్చాయి, ఇంకా ఉగ్గు కలపాలేమో?”

“వెటకారం ఆపండి. డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.”

“కలైతే మాత్రం భయపడొద్దన్నారు వదినా,” అన్నాడు తమ్ముడు మంచం మీంచి. “కల అని తెలిశాక మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరట. మనసులో ఉన్నదంతా కక్కేయమన్నారు. కలలో ఉండగా అది కల అని ఎప్పుడూ తెలియదు, అదొక్కటే చిక్కు.”

“బాగుంది. ఈ మాత్రం దానికి డాక్టరు చదువెందుకు, నేనూ చెబుతాను,” అన్నాడు అన్న. వదిన అతని వంక ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

పొద్దున వేసుకున్న మాత్రల మత్తు, కింద మెత్తటి పరుపు. పావుగంటలో తమ్ముడు నిద్రలోకి జారిపోయాడు. ఇంకో పావుగంటకి పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఒళ్లంతా చెమటలు. కాళ్లు తన్నుకుంటున్నాడు, మూలుగుతున్నాడు.

దారినపోయేవాళ్లు ఆగారు. ఒకడు ఫోన్ తీశాడు. “ఏం నటిస్తున్నాడురా బాబూ,” అన్నాడు ఇంకొకడు. బాధ కళ్లెదుట కనిపిస్తున్నా నటన అనుకోగలగడం జనానికి దేవుడిచ్చిన వరం. చూస్తుండగానే ముప్పైమంది పోగయ్యారు.

లేపుదామని చెయ్యి చాపిన అన్న అద్దం వైపు చూశాడు. తొలిసారి తన కొట్టు ముందు అంతమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గుంపును తప్పించుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ అట.

“నలభై పరుపులు కావాలి. ఆయనేంటి, అలా కొట్టుకుంటున్నారు?”

“సుఖం ఎక్కువైతే అంతేనండీ.”

“లోపల ఏం పెడతారు?”

“కొత్త దూదండీ. చెట్టుమీంచి నేరుగా మన కొట్టుకే.”

వార్డెన్ తలూపి, ఆర్డరు రాయడానికి సంచిలోంచి పెన్ను తీసింది.

అప్పుడే తమ్ముడు కెవ్వున అరిచి లేచి కూచున్నాడు. అద్దానికి అటువైపు ముప్పై ముఖాలు. అన్నీ తనవంకే చూసి నవ్వుతున్నాయి. వణికిపోతూ అన్న చొక్కా పట్టుకున్నాడు.

“అన్నయ్యా, ఇది కలా, నిజమా?”

అన్న జనాన్ని చూశాడు, పెన్ను పట్టుకున్న వార్డెన్‌ని చూశాడు. నిజమంటే వీడు మంచం దిగిపోతాడు. గుంపు చెదిరిపోతుంది. వీడికేమైందని ఆవిడ ఆరా తీస్తుంది. తమ్ముడి చెవి దగ్గరకి వంగాడు.

“కలేరా. నోరుమూసుకుని పడుకో.”

తమ్ముడి వణుకు టక్కున ఆగింది. ముఖం తేటపడింది. ఇన్నాళ్లకి కలలోనే ఒకరు వచ్చి ఇది కల అని చెప్పారు. అదీ సొంత అన్నయ్య. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

“బతికించావన్నయ్యా,” అన్నాడు.

మంచం దిగి, పరుపు అంచున కుట్టు పట్టుకుని చర్రున లాగాడు. తన చేత్తో కుట్టిందే, ఎక్కడ విప్పాలో తెలుసు. లోపల్నించి మరకలుపడ్డ, ముక్కిపోయిన దూది రెండు గుప్పిళ్ల నిండా తీసి వార్డెన్ ముందు పెట్టాడు.

“కొత్తది కాదండీ, నేనున్న ఆస్పత్రిలో పారేసిన పరుపుల్లోది. కొట్టులో ఉన్నవన్నీ ఇంతే. ఎన్నాళ్లనుంచో ఈ మాట ఎవరికైనా చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంటోంది,” అని అన్న వంక చూసి ప్రశాంతంగా నవ్వాడు. “కల కాబట్టి సరిపోయింది గానీ, నిజమైతే మా అన్నయ్య నన్ను చంపేసేవాడు.”