పచ్చగానే ఉందా?

"సారూ, పచ్చగనే ఉందా? ఎర్రగయ్యిందా?"

నాచారంలో ఉరిమితే చాలు, ఉప్పల్ నుంచి తారామణి ఫోను. ఆమెది సర్జ్ ప్రొటెక్టర్లు అమ్మే కొట్టు. పిడుగుపాటుకు తీగల్లో కరెంటు ఎగసిపడితే, ఆ దెబ్బ తాను తిని సర్వర్లను కాపాడే డబ్బీ అది. బాగున్నంతకాలం దాని గడి పచ్చగా ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలితే ఎర్రబడుతుంది. అప్పుడు కొత్తది కొనాలి.

నాచారంలోని ఒక మందుల కంపెనీ సర్వర్ రూముకు లక్ష్మీకాంత్ ఈ ఏడే ఇన్‌చార్జిగా వచ్చాడు. అయినా ఆమె లెక్క అతనికి ఇట్టే అర్థమైంది. ఎరుపంటే బేరం.

"పచ్చగానే ఉందండీ. ఈ వాన కూడా మీకు కలిసిరాలేదు" అని ఏడిపించేవాడు.

అవతల ఒక నిట్టూర్పు. బేరం తప్పినందుకే అనుకునేవాడు.

మే నెలలో ఆమే వచ్చింది. బోర్డు తెరిపించి, ఆ డబ్బీని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో అంచనా వేస్తోందనుకున్నాడు.

"మెయిన్ బోర్డు కాడ పెద్దది ఒకటి పెడ్త సార్. దెబ్బ ముందుగాల అదే తింటది. లోపల చిన్నదానికి ఏం గాదు."

"ఎంతవుతుందేంటి?"

"పైసలొద్దు."

పైసలొద్దన్న వ్యాపారిని లక్ష్మీకాంత్ నమ్మడు. ఇవాళ ఊరికే ఇస్తుంది, రేపు ఏడాది కాంట్రాక్టు అడుగుతుంది. "చూద్దాం లెండి" అని పంపించేశాడు.

జూన్‌లో పిడుగు కంపెనీ వెనకాలే పడింది. ఆఫీసులో టీవీ మాడిపోయింది. సర్వర్లు మాత్రం చెక్కుచెదరలేదు. బోర్డు తెరిచి చూసి, ఈసారి అతనే ఫోన్ చేశాడు.

"స్వీట్లు పట్టుకు రండి తారామణిగారూ. ఎర్రబడింది."

అవతల నిట్టూర్పు కూడా లేదు.

ఆటోలో వచ్చింది. కొత్తది బల్ల మీద పెట్టింది. కంపెనీ ఎలక్ట్రీషియన్ పాతదాన్ని ఊడదీసి చెత్తబుట్టలో వేయబోతుంటే రెండు చేతులూ చాచింది.

"అది నాకియ్యుండ్రి."

"పాతసామాన్లవాడు కూడా తీసుకోడండీ. దాంట్లోనూ లాభముందా?" లక్ష్మీకాంత్ నవ్వాడు.

ఆమె దాన్ని కొంగుతో తుడిచింది.

"మా ఆయన తన చేతులతోని బిగించిన ఆఖరిది సార్ ఇది, నిరుడు దీన్ని పెట్టి ఇక్కడికెల్లి ఇంటికి బయల్దేరిన మనిషి ఉప్పల్ రింగురోడ్డు దాటలే."