నలభై ఆరో బిళ్ల

"నకిలీ అంటే నకిలీ! ఎన్నిసార్లు చెప్పాలయ్యా మీకు?"

మాస్టారు బల్లను ఒక్క చరుపు చరిచారు. భూతద్దం ఎగిరి కింద పడింది.

సైకిల్ షాపు పై గదిలో పాత ట్రామ్ బిళ్లలు పోగేసేవాళ్ల సంఘం సమావేశం అది. ఒకప్పుడు ట్రామ్ ఎక్కినవాళ్లు టికెట్టుకు బదులు కండక్టరు చేతిలో వేసిన ఇత్తడి బిళ్లలవి. వాటి మీద ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. రాసింది సంఘం అధ్యక్షుడైన ఈ డ్రాయింగ్ మాస్టారే. రెండొందల బిళ్లలు, ప్రతిదానికీ చేత్తో గీసిన బొమ్మ. అందులో ఎవరికీ దొరకనిది నలభై ఆరో నంబరు. ముప్పయ్యేళ్లుగా సంఘమంతా దానికోసం పాత సామాన్ల కొట్లు జల్లెడ పడుతోంది.

చివరికి మొన్న ఓ తుక్కు దుకాణంలో కార్యదర్శికి దొరికింది. ఆయన వాచీలు బాగుచేస్తాడు. మాట కూడా అంతే నిదానం.

"ఆరు పలకలు, మధ్యలో చంద్రవంక కన్నం. అంచు మీది చిన్న నొక్కుతో సహా మీ బొమ్మలో ఉన్నట్టే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకేం కావాలండీ?"

"నాకు తెలుసు. అంతే."

మూల కుర్చీలోంచి మాజీ కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఎనభై దాటిన పెద్దాయన.

"ఏం మాట్లాడుతున్నావయ్యా మాస్టారూ? రేవు లైన్లో ఇవేగా తీసుకునేవాణ్ని! ఈ చేత్తో ఎన్ని వసూలు చేశానో. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. కానీ ఆ ముసలాయన్ని ఏమనగలరు?

"కుళ్లు," వెనక ఎవరో గుసగుసలాడారు. "తనకి దొరకనిది ఇంకొకళ్లకి దొరికిందిగా మరి."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. మాస్టారు వంగి కింద పడ్డ భూతద్దం తీసుకున్నారు.

కార్యదర్శి ఒక కాగితం ముందుకు జరిపాడు. అసలైనదేనని మాస్టారు సంతకం పెడితే రేపు బిళ్ల మ్యూజియానికి వెళ్తుంది.

"సంతకమైనా పెట్టండి, నకిలీ అనడానికి ఒక్క కారణమైనా చెప్పండి. రెండూ కుదరవంటే అధ్యక్షుడిగా ఇంకొకర్ని చూసుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఒక్క కారణం. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇన్నేళ్ల పేరు మంటగలిసిపోతుంది. చెప్పకపోతే అబద్ధం వెళ్లి అద్దాల పెట్టెలో కూర్చుంటుంది. మాస్టారు అటూ ఇటూ చూశారు. అందరి కళ్లూ ఆయన మీదే.

"ఛీ, వెధవ బతుకు!" అని తనని తానే తిట్టుకుని, పెన్ను లాక్కుని సంతకం గీకేశారు.

చప్పట్లు మోగిపోయాయి. కార్యదర్శి వచ్చి కావలించుకున్నాడు. పెద్దాయనైతే కళ్లు తుడుచుకున్నాడు.

తన పుస్తకాన్ని ఎవడైనా కాపీ కొడితే ఇట్టే దొరికిపోవాలని, ముప్పయ్యేళ్ల కిందట ఆ నలభై ఆరో బిళ్లను బుర్రలోంచి పుట్టించింది మాస్టారే.