టీవీ దించేది లేదు

"దించి మంచం మీద పెట్టమంటే వినవే!" ఎమిల్ మళ్ళీ అన్నాడు.

"దించను." థోరా పళ్ళ మధ్య స్క్రూ ఉంది. మాట దాని పక్కనుంచే వచ్చింది.

ఇంటి ముందు వాళ్ళ చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్, లోపల ఈ టీవీ బిగింపు తప్ప ప్రయాణానికి సిద్ధంగా ఉంది. పిల్లలు రాకముందే దాన్ని పికప్ ట్రక్కు వెనక తగిలించేశారు. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. ఏటా కెనడాలో ఈ సస్కాచువాన్ చలి ముదరకముందే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అమెరికా దక్షిణాన అరిజోనా ఎడారికి బయలుదేరతారు. మళ్ళీ రావడం వసంతానికే. ఈసారి సాగనంపుతామని వచ్చిన కొడుకూ కూతురూ నిజానికి ఆపడానికి వచ్చారు.

"పోయినేడు నీ మాటే విన్నాంగా," అంది థోరా, స్క్రూ తీసి. "బొంతలో చుట్టి పసిపిల్లలా వెల్లకిలా పడుకోబెట్టావు. దారిలో మోంటానా దాటేసరికి తెర పగిలి కూర్చుంది. చలికాలమంతా సగం తెర మీద హాకీ చూశాం."

"సగం కాదు, ముప్పాతిక."

"గోల్ పడేది ఎప్పుడూ ఆ మిగతా పాతికలోనే!"

కూతురు జొలీన్ పకపకా నవ్వింది. కొడుకు కర్టిస్ నవ్వలేదు. వాడు కొత్త టీవీ వంక చూస్తున్నాడు. పాతదానికి రెండింతలుంది. పాతది ఆ చివర గోడకి ఉండేది. ఇది తండ్రి కూర్చునే చోటికి ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉంది.

"ఈ అగ్గిపెట్టెకి ఇంత టీవీ ఏమిటమ్మా? మూతికి తగిలేట్టు?"

"మా మూతులు, మా ఇష్టం."

"ఇది గోడా? అట్టముక్క. గతుకు పడిందంటే టీవీ గోడతో సహా ఊడొస్తుంది."

"వెనక ప్లైవుడ్ వేశాను. నేనే కోశాను, నేనే బిగించాను."

టీవీని మోసే ఇనుప చేతిని మడిచి గోడకి ఆనించింది. అది తెరుచుకోకుండా మేకు దూర్చింది. గోడకీ టీవీకీ మధ్య పాత దుప్పటి కుక్కింది. మీదుగా పటకా వేసి లాగి కట్టింది. తర్వాత టీవీని రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేసి ఊపింది. ట్రైలర్ ఊగింది. అల్మరాలో కప్పులు గలగలమన్నాయి. టీవీ మాత్రం కదల్లేదు.

ఎమిల్ దగ్గరకొచ్చాడు. మేకునీ పటకానీ ఒక్కొక్క బోల్టునీ వేళ్ళతో తడిమాడు.

"కిందిది ఇంకాస్త బిగించు."

థోరా బిగించింది.

"అసలు ఈ ఏడు వెళ్ళకపోతే ఏం?" జొలీన్ అసలు సంగతి ఎత్తుకుంది. "మా ఇంట్లో నేల కింది గది ఖాళీగానే ఉంది. అక్కడ టీవీకి పటకాలూ అక్కర్లేదు."

"మీ కింది గది కిటికీ నా నెత్తి మీదుంటుంది. అందులోంచి కనబడేది మీ ఆయన కారు చక్రం. వసంతం దాకా దాన్ని చూస్తూ కూర్చోమంటావా?"

"నీతో మాట్లాడ్డం కష్టమమ్మా. వేసవంతా ఫోన్‌కే దొరకలేదు నువ్వు. ఎప్పుడు చేసినా ధాన్యం గోదాముల వెనక మైదానంలో ఉన్నానంటావు. ఏముందక్కడ?"

"చోటు. ఎటు తిప్పినా దేనికీ తగలనంత," అంది థోరా.

కర్టిస్ చివరి అస్త్రం తీశాడు.

"నాన్నా, మన ఇంట్లో రూలొకటుందిగా? నువ్వు పెట్టిందే. చిన్నప్పుడు నా సైకిల్ తీసుకెళ్దామని ఏడిస్తే చెప్పావు. ఏది ఎక్కించాలి, ఏది ఎలా కట్టాలి, అంతా బండి నడిపేవాళ్ళ మాట. మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. మరి అమ్మకి చెప్పవేం?"

ఎమిల్ టోపీ తీశాడు. దాని లోపల ఏదో పడిపోయినట్టు తడుముతూ నిలబడ్డాడు.

"ఆ రూలు ప్రకారమే కడుతున్నా," అంది థోరా.

"ఎక్కడ? ఆయన దించమంటుంటే నువ్వేమో..."

"ఆయన అంటాడు. అననీ. నలభై ఏళ్ళు నేనూ అన్నాను, ఎవరు విన్నారు?"

అందరూ కిందికి దిగారు. థోరా మెట్టు మడిచింది, తలుపు తాళం వేసింది, చక్రాల కింది చెక్కలు లాగేసింది. జొలీన్ తెచ్చిన సస్కటూన్ పండ్ల తీపి రొట్టె డబ్బా పికప్ ముందు సీటు కింద పెట్టింది. ఎమిల్ ట్రైలర్ పక్కగా నడిచాడు. పొడవునా దాని రేకు మీద అరచెయ్యి ఆనించే ఉంచాడు.

"దారిలో ఊడి పడితే తెలుస్తుంది," గొణిగాడు కర్టిస్. "నాన్న మాట వినాల్సింది. నువ్వైనా గట్టిగా చెప్పు నాన్నా."

ఎమిల్ కోటు జేబులోంచి తాళాలు తీసి చెయ్యి ముందుకి చాపాడు. ఆ చెయ్యి ఉన్న చోటికి థోరాయే ఒక అడుగు వేసింది.

తాళాలు అందుకుని, గొంతు పెంచకుండా, అందరికీ వినబడేట్టు అంది:

"మీ నాన్న లైసెన్సు కళ్ళ పరీక్షలో పోయింది, ఇకమీదట బండి నడిపేది నేనే."