గోడ తట్టిన మనిషి

“ఆ గోడ మీద కొట్టుడు బంద్ చేస్తవా, పెద్దాయనా?”

దయాకర్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

గొడుగు మొనతో గోడ తడుతున్న ముసలాయన ఆగాడు. కానీ కదల్లేదు.

“లోపలంతా గుల్ల బాబూ. పైన కొత్త సున్నం వేశారు. వెనక గదిలో దూలం చెదపట్టింది. నిచ్చెన వేసి చూశారా?”

“నిన్నెవరడిగిండ్రు?”

మారేడ్‌పల్లిలోని ఆ పాత పెంకుటింటి ముందు ఇది మూడోసారి. దయాకర్, భార్య కల్పలత ఇల్లు చూడటానికి ఎప్పుడొచ్చినా గేటు దగ్గర ఈ మనిషి ప్రత్యక్షం. మొదటిసారి వానాకాలంలో మోరీ పొంగి వంటింట్లోకి వస్తుందన్నాడు. రెండోసారి కరెంటు వైర్లు ఎప్పటివో చూసుకోమన్నాడు. ఇప్పుడు గోడ.

దయాకర్ అప్పటికే ఉడికిపోతున్నాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. రెండిళ్లు చేతిదాకా వచ్చి చెడిపోయాయి. ఇదీ పోతే ఇద్దరు ఆడపిల్లలతో ఎక్కడికి పోవాలో తెలియదు.

బ్రోకర్ లక్ష్మణ్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“రేటు పడగొట్టే గ్యాంగ్ సార్. గిట్లనే వంకలు వెట్టి పార్టీని భయపెడ్తరు. మీరు అటు పోంగనే వాళ్ల పార్టీని తోలుకొస్తరు.”

“ఒకసారి ఓనర్‌తోని మాట్లాడిపియ్యరాదు?” అంది కల్పలత.

“ఐజాక్ సార్‌తోనా మేడమ్? రిజిస్ట్రేషన్ దినం దాక ఓనరు, పార్టీ కలవొద్దు. మా లైన్‌ల అది రూల్. ఆయన సుత నాకు మాటిచ్చిండు.”

ఆ రూలు ఎందుకో ఊరందరికీ తెలుసు. ఇద్దరూ కలిస్తే బ్రోకర్ కమీషన్‌కు ఎసరు. తెలిసీ అందరూ తలూపుతారు. దయాకర్ కూడా ఊపాడు.

ముసలాయన చంకలోంచి గోధుమరంగు కవరు తీశాడు.

“గోడలదేముంది, బాగు చేయించుకోవచ్చు. ఇది మాత్రం చదవండి బాబూ. ఒక్క పేజీ. ఈ స్థలం లీజుది. ఇంకా ఎంతకాలం మిగిలిందో చూడకుండా...”

“లీజు నామ్‌కే వాస్తే సార్. ఎప్పటికప్పుడు పొడిగిస్తనే ఉంటరు” అన్నాడు లక్ష్మణ్.

“జెర చూద్దం. చదివితే పోయేదేముంది?” కల్పలత చెయ్యి చాపింది.

ఆమెకంటే ముందు దయాకర్ ఆ కవరు లాక్కున్నాడు.

“ఎంత గావాలె నీకు? రెండు వేలా? ఐదు వేలా?”

ముసలాయన ముఖం ఎర్రబడింది.

“మీ డబ్బు నాకొద్దు. మీరు చదవాలి. అంతే.”

“చదివిన. ఇగ పో.”

కవరు మోరీలో పడింది.

ముసలాయన వంగి, ఆ మురుగులో చెయ్యి పెట్టి కవరు బయటికి తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. దయాకర్ ముఖంలోకి ఒకసారి చూసి, గొడుగు పట్టుకుని వెళ్లిపోయాడు. కల్పలతకు సిగ్గేసింది. దయాకర్‌కు మాత్రం వేయలేదు.

ఆ సాయంత్రమే లక్ష్మణ్ చేతిలో పదిహేను లక్షలు పెట్టాడు. ఓనరు తరఫున లక్ష్మణే రసీదు రాసిచ్చాడు.

పన్నెండు రోజుల తర్వాత బ్యాంకులో లోన్లు చూసే సింధూర ఫైలు వెనక్కి తోసింది.

“లోన్ రాదు సార్. ఐజాక్ గారిది ఇల్లు మాత్రమే, స్థలం కాదు. లీజు పద్నాలుగు నెలలే మిగిలింది. పొడిగించేది లేదని స్థలం వాళ్లు ఆయనకు నోటీసు కూడా ఇచ్చారు.”

“తర్వాత?”

“ఖాళీ చేసి అప్పగించాలి.”

లక్ష్మణ్ ఫోన్ స్విచాఫ్.

లీజు కాగితం మీద ఐజాక్ అడ్రసు దొరికింది. యాప్రాల్. దారి పొడవునా దయాకర్ నోటికి అడ్డూ ఆపూ లేదు.

“బ్రోకర్ అంటే అబద్ధాలే వాని బతుకుదెరువు. ఈ ఐజాక్‌కేమైంది? ఇంటికి మూడిందని తెల్సి పిల్లలున్నోళ్లకు అంటగడ్తడా? ఒక్క మాట చెప్తే నోట్లె ముత్యాలు రాల్తయా? కాలర్ పట్టి గుంజకపోతే చూడు.”

తలుపు తీసినామె ఐజాక్ భార్య, రోసమ్మ.

“ఏడి ఆయన? పిలువు బయటికి.”

“జ్వరంతో పడుకున్నారు బాబూ. మీరెవరు?”

“మారేడ్‌పల్లి ఇంటికి అడ్వాన్స్ ఇచ్చినోళ్లం. మా పదిహేను లక్షలు మింగి పండిండా?”

రోసమ్మ తెల్లబోయింది.

“పదిహేను లక్షలేంటి? ఆయన పైసా ముట్టుకోలేదే. పార్టీ నోటీసు చదివితేనే బేరమని లక్ష్మణ్‌కి తెగేసి చెప్పారు. చదివాక కూడా కావాలంటే తలుపులూ కిటికీల ధరకే ఇచ్చేస్తానన్నారు.”

“అబద్ధం. ఒక్కడన్న మాకు చూపెట్టిండా ఆ నోటీసు?”

తలుపు మూలన నిలబెట్టిన గొడుగును కల్పలత చూసింది. దాని మొనకు సున్నం అంటుకుని ఉంది. ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టి లాగింది. దయాకర్ విదిలించుకున్నాడు.

“దొంగ నా కొడుకు, బయటికి రమ్మను!”

లోపలి గది పరదా జరిగింది. గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చిన ఐజాక్, మురుగు మరక ఎండిపోయిన ఆ గోధుమరంగు కవరును మళ్లీ దయాకర్ ముందుకు చాపాడు.